బ్యాటరీ నుంచి రేడియో దాకా రెండు తీగలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక మా వీధిలో ఒక్క సెల్‌ఫోనూ పలకలేదు. అనకాపల్లిలో అమ్మ ఎలా ఉందో తెలియడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మరిచిపోలేకే తర్వాత, సెల్ టవర్లతో పని లేకుండా అభిరుచి కొద్దీ రేడియోలో నేరుగా మాట్లాడుకునే హ్యామ్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. ఇంట్లో కరెంటు లేకపోయినా కారులో బ్యాటరీ ఉంటుంది కదా! అందుకే ఈ వేసవిలో 50 వాట్ల వీహెచ్‌ఎఫ్ (అతి అధిక పౌనఃపున్యం) రేడియో సెట్టును కారులో బిగించాను.

మొదట లైటర్ సాకెట్‌కు తగిలించాను. వినడానికి బాగానే ఉంది. మాట్లాడదామని మైకు మీట నొక్కగానే సెట్టు ఆరిపోయింది. మీటరు పెట్టి చూస్తే 12.4 వోల్టులు కాస్తా 10.6కు పడిపోయాయి. పూర్తి శక్తి మీద ఈ సెట్టు 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నటి తీగలో, సాకెట్ స్ప్రింగులో కలిపి 0.18 ఓమ్‌ల నిరోధం ఉంటే చాలు, 1.8 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. శక్తి తగ్గించి మాట్లాడితే గాజువాక మిత్రుడు, "మీ మాట వెనుక ఈల వినిపిస్తోందండీ, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పెరుగుతోంది" అన్నారు. అది ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం) రొద.

ఇక బ్యాటరీ నుంచే నేరుగా తీగలు లాగాలని కూర్చున్నాను. క్లచ్ పెడల్ వెనుక, ఇంజన్ వైపు వెళ్లే తీగల కట్ట చుట్టూ ఒక నల్లటి రబ్బరు బిరడా ఉంది. దానికి చిన్న గాటు పెట్టి, గట్టి ఇనుప తీగను ముందు దూర్చి, దాని కొనకు ఎర్ర, నల్ల తీగలను టేపుతో చుట్టి బానెట్ వైపు నుంచి మెల్లగా లాగాను. తల పెడల్ కింద పెట్టి గంటసేపు పడుకోవలసి వచ్చింది. రేకుకు కొత్తగా రంధ్రం చేయనక్కర్లేకపోయింది, అదే సంతోషం.

ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. సెట్టు దగ్గర పెడితే సెట్టును కాపాడుతుందేమో గానీ, మధ్యలో తీగ ఒరుసుకుపోయి రేకుకు తగిలితే కారును కాపాడలేదు. దయచేసి ఈ ఒక్కచోట బద్ధకించకండి.

యాంటెన్నాను పైకప్పు నడిమధ్యన అయస్కాంతంతో నిలబెట్టాను. చుట్టూ ఉన్న రేకే దానికి నేల (గ్రౌండ్)లా పనిచేస్తుంది. నేను వాడే 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం (తరంగం పొడవులో నాలుగో వంతు) కడ్డీ సుమారు 49 సెంటీమీటర్లు. 52 దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా కత్తిరిస్తూ ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపే కొలత, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది) 1.3కు వచ్చాక ఆపాను.

నిన్న సాయంత్రం బీచ్ రోడ్డు పక్కన కారు ఆపి, ఇంజన్ నడుస్తుండగానే పూర్తి శక్తి మీద గాజువాకను పిలిచాను. "ఈల లేదండీ, గొంతు స్పష్టంగా ఉంది" అన్నారు. ఇంజన్ ఆపేసి మళ్లీ పిలిచాను. మీట నొక్కినా వోల్టేజీ 12 కిందికి దిగలేదు.

వచ్చే ఆదివారం అనకాపల్లి వెళ్తున్నాను. అమ్మ ఇంటి గుమ్మం ముందు నుంచి పిలిచి చూడాలి.