కొత్త క్లబ్బు, పాత డప్పు

మేం ఇచ్చిన అర్జీలో ‘ఒక డప్పు, మూడు జెండాలు, ఒక బ్యానర్’ అని రాసి ఉంది. డప్పు కొట్టే పుల్లల ఊసు లేదు. 2019 నవంబర్ 2, శనివారం సాయంత్రం, గచ్చిబౌలి బాలయోగి స్టేడియం గేటు ముందు నిలబడ్డాక గానీ మాకీ సంగతి వెలగలేదు. డప్పు లోపలికి వెళ్ళొచ్చు, కర్రలు వెళ్ళకూడదు. సిర్రె, సిటికెన పుల్ల రెండూ లెక్కకు కర్రలే. గేటు దగ్గరున్నాయన్ని అనడానికేమీ లేదు. ఆయన చేతిలో ఉన్నది మేం రాసిచ్చిన కాగితమే.

హైదరాబాద్ ఎఫ్‌సీ సొంత ఊళ్ళో ఆడబోతున్న మొట్టమొదటి మ్యాచ్ అది.

మేమంటే తిరుమలగిరిలో ఆదివారం పొద్దున బంతి తన్నుకునే ఐదుగురం, మాతో పాటు మా చెల్లి. అర్ధరాత్రి దాకా మేలుకుని ఇంగ్లండ్ మ్యాచ్‌లు చూసి, మర్నాడు ఆఫీసులో కునికిపాట్లు పడే రకం. ఫతే హైదరాబాద్ అని ఒక క్లబ్బు కింది డివిజన్‌లో ఆడేది కానీ, టీవీలో వచ్చే పెద్ద లీగ్‌లో మన ఊరి పేరు ఉండేది కాదు. 2019 ఆగస్టు చివర్లో వార్త వచ్చింది. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడింది, ఇండియన్ సూపర్ లీగ్‌లో దాని చోటు హైదరాబాద్‌కు దక్కింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దీని వెనక ఉన్నారు. ఈ వరుణ్ అంతకుముందు కేరళ బ్లాస్టర్స్‌కు సీఈఓగా చేసినాయన. లీగ్ మొదలయ్యేది అక్టోబర్‌లో. అంటే రెండు నెలలు కూడా లేవు. ఆలోపు పేరు, ముద్ర, రంగు, మైదానం అన్నీ సర్దుకోవాలి. పెళ్ళిచూపులు అయిన మర్నాడే ముహూర్తం పెట్టినట్టు ఉంది వ్యవహారం.

కోచ్ ఫిల్ బ్రౌన్ పుణె నుంచి వచ్చినవాడే. మార్సెలీన్యో, స్టాంకోవిచ్, రాబిన్ సింగ్, ఆదిల్ ఖాన్, వీళ్ళందరూ కూడా అక్కడివాళ్ళే. ఇదే చాచాకు నచ్చలేదు.

చాచా అంటే మా మైదానం గట్టు మీద రోజూ కూర్చునే పెద్దాయన. డెబ్బై దాటాయి. చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో రహీం సాబ్ జట్టు ఆట చూశానంటాడు. సయ్యద్ అబ్దుల్ రహీం తర్ఫీదు ఇచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ కొట్టింది. ఆయనే కోచ్‌గా మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం మాకు కూతవేటు దూరంలోని అమ్ముగూడ కుర్రాడు. చాచా దగ్గర బలరాం పేరు ఎత్తితే గంట సేపు కదలనివ్వడు. అలాంటి మనిషి కొత్త జట్టు గురించి అడిగిన ప్రశ్న ఒక్కటే.

“పుణె జట్టుకు పేరు మారిస్తే హైదరాబాద్ జట్టు అయితదా బేటా?”

నాకు కోపమొచ్చింది. జవాబు లేకపోవడం వల్ల వచ్చిన కోపం.

మొదటి మ్యాచ్ అక్టోబర్ 25న కోల్‌కతాలో, ఏటీకేతో. దీపావళికి రెండు రోజుల ముందు. మా ఇంట్లో అందరం పకోడీలు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. 5-0. పకోడీలు మిగిలిపోయాయి. “టపాకాయలన్నీ వాళ్ళే కాల్చేశారన్నయ్యా” అంది మా చెల్లి.

అయినా సొంత మైదానంలో మొదటి ఆటకు నోళ్ళు కట్టుకుని కూర్చోకూడదని అనుకున్నాం. ముందు ఇంగ్లండ్ మైదానాల్లో వినిపించే కేకలనే పేర్లు మార్చి అరిచి చూశాం. అవి మా నోళ్ళలో అరువు చొక్కాల్లా వేలాడాయి. చెల్లే అంది, వినాయకుడి నిమజ్జనంలో మనకెవరు నేర్పారని అరుస్తున్నాం అని. అంతే, ఒకడు అడగడం, మిగతావాళ్ళు అందుకోవడం. “ఎవరిదిరా మైదానం?” “మనదిరా హైదరాబాద్!” దీని కింద తీన్‌మార్ దెబ్బ పడాలి. దానికి డప్పు కావాలి.

బోయిన్‌పల్లిలో పెళ్ళిళ్ళకు, బోనాలకు డప్పు కొట్టే అన్న ఒకాయన ఉన్నాడని తెలిసి వెళ్ళాం.

“ఎవ్వరి పెండ్లి?” అన్నాడు.

“పెండ్లి కాదన్నా, ఫుట్‌బాల్.”

“గెలుస్తరా?”

“మొన్ననే ఐదు గోల్స్ తిన్నరు.”

“అయితే పైసలు ముందే ఇయ్యి.”

ఆ రోజుల్లో ఆర్టీసీ సమ్మె. అక్టోబర్ 5 నుంచి నడుస్తోంది. రోడ్ల మీద బస్సు కనిపిస్తే దండం పెట్టే పరిస్థితి. పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగాం, అప్పటికి రైలు అంతవరకే. మెట్రోలో సంచులతో పాటు డప్పునూ స్కానర్‌లో పెట్టమన్నారు. అది అవతలి వైపు నుంచి పున్నమి చంద్రుడిలా బయటికొస్తుంటే వెనక లైన్లో ఉన్న పాప చప్పట్లు కొట్టింది. అక్కడి నుంచి షేర్ ఆటోలో ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళం.

తోలు డప్పు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. సెగకు కాచకపోతే పలకదు. నవంబర్ మంచుకు తోలు వదులైపోయి, కొడితే పరుపు దులిపినట్టు చప్పుడొస్తుంది. స్టేడియం లోపల మంట ఎలాగూ పెట్టలేం కాబట్టి, అన్న రోడ్డు పక్కన పాత పేపర్లు, ఎండుటాకులు పోగేసి నిప్పంటించాడు. ఏదో తగలబడుతోందని ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళకు సర్దిచెప్పి గేటు దగ్గరికి వెళ్తే పుల్లల గొడవ. జెండాలకు తొడిగిన ప్లాస్టిక్ పైపులు కూడా బయటే వదిలేశాం. చివరికి బ్యానర్ చుట్టుకొచ్చిన అట్ట గొట్టాన్ని అన్న రెండుగా చీల్చి, గట్టిగా మెలిపెట్టి, రెండు పుల్లలు తయారుచేశాడు. నేను ఆయన్ని హీరోలా చూశాను. ఆయన మాత్రం “ఇది ఎక్స్‌ట్రా పని” అన్నాడు.

లోపలికి వెళ్ళి చూస్తే గ్యాలరీల్లో పసుపే పసుపు! ఒక్క క్షణం గుండె పొంగింది. మన రంగు పసుపు కదా. తర్వాత అర్థమైంది. ఆ రోజు మనతో ఆడుతున్న కేరళ బ్లాస్టర్స్ రంగు కూడా పసుపే. మా చుట్టూ ఉన్న పసుపు చొక్కాల్లో చాలా వాటి మీద ఏనుగు బొమ్మ ఉంది. వాళ్ళు తమ క్లబ్బుతో 2014 నుంచీ ఉన్నారు, వాళ్ళ పాటలు వాళ్ళకు నిద్రలో కూడా వస్తాయి. మేం వారం కిందట పుట్టిన ఒక్క కేకతో, అట్ట పుల్లలతో వచ్చాం. మన ఇంట్లో పెళ్ళికి మనమే అతిథులమైనట్టు ఒక మూల సర్దుకుని కూర్చున్నాం.

మా ముందు వరసలో ఒక కుర్రాడు నారింజ రంగు మఫ్లర్‌తో ఒంటరిగా ఉన్నాడు. పుణె కుర్రాడు, హైటెక్ సిటీలో ఉద్యోగం. మూతపడిన క్లబ్బు మఫ్లర్ అది. మైదానంలో ఎవడు ఎవడో, ఎవడు ఏ కాలితో కొడతాడో అన్నీ వాడికే తెలుసు. మాకేమో జెర్సీ వెనక పేరు చదివితే తప్ప ఎవరూ తెలియదు. మ్యాచ్ అంతా మాకు పాఠం చెబుతూనే ఉన్నాడు.

34వ నిమిషంలో కేరళ కుర్రాడు రాహుల్ గోల్ కొట్టాడు. స్టేడియం పేలిపోయింది. చెప్పాను కదా, అది మా స్టేడియం. అన్న డప్పు ఒళ్ళో పెట్టుకుని నావైపు చూశాడు, పైసలు ముందే తీసుకోవడం మంచిదైంది అన్నట్టు.

రెండో సగంలో, 54వ నిమిషంలో, స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. అప్పుడు మొదటిసారి మా కేక పక్క వరసలు అందుకున్నాయి. ఆ స్టేడియంలో ఆటకూ గ్యాలరీకీ మధ్య పరుగుల ట్రాక్ అడ్డం, మన అరుపు ఆటగాళ్ళ దాకా చేరిందో లేదో తెలియదు. కానీ “ఎవరిదిరా” అని మేం అంటే ముక్కూమొహం తెలియనివాళ్ళు “మనదిరా” అన్నారు. 81వ నిమిషంలో ఫ్రీ కిక్. మార్సెలీన్యో బంతి పెట్టుకుంటుంటే పుణె కుర్రాడు వెనక్కి తిరిగి, “డప్పు ఆపండి, ఇది గోల్” అన్నాడు. ఆపాం. గోల్! తర్వాతి పది నిమిషాలు అన్న ఎలా కొట్టాడో నాకు సరిగ్గా గుర్తులేదు. అట్ట పుల్లలు పీలికలయ్యాయి, చివర్లో అరచేతులతోనే వాయించాడు. 2-1.

మర్నాడు చాచాకు చెబితే, “కొట్టింది పుణెవాడే గదా” అన్నాడు.

నాలుగు రోజులకే నార్త్‌ఈస్ట్ చేతిలో 0-1. మా మూలలో జనం సగమయ్యారు. ఆ తర్వాత సొంత మైదానంలో ఆట నవంబర్ 29న, బెంగళూరుతో. ఆ రోజే మెట్రో రాయదుర్గం దాకా తెరిచారు, ఆర్టీసీ కార్మికులు మళ్ళీ డ్యూటీ ఎక్కారు. నెల క్రితం అయితే ఎగిరి గంతేసేవాళ్ళం. కానీ ఆ పొద్దున పేపర్ల నిండా శంషాబాద్ ఘోరమే. అమ్మ చెల్లిని గడప దాటనివ్వలేదు. చెల్లి వాదించలేదు కూడా, తన మఫ్లర్ నా మెడలో వేసి లోపలికి వెళ్ళిపోయింది. మైదానంలో 2వ నిమిషంలోనే ఛెత్రి గోల్ కొట్టేశాడు. తొంభై నిమిషాలు దాటాక రాబిన్ సింగ్ సమం చేశాడు. నేను చెల్లికి ఫోన్ చేసి మోత వినిపించాను.

అప్పటికి తోలు డప్పు పక్కన పెట్టి, ఫైబర్‌ది కొన్నాం. కాచే పని లేదు, మంచుకు భయపడదు. దాని మొహం మీద పసుపు రంగు వేసి, క్లబ్బు స్టికర్ అంటించాం. అన్నకు నచ్చలేదు, “రేకు డబ్బా” అనేవాడు. అర్జీలో మాత్రం ఇక ప్రతిసారీ ‘రెండు పుల్లలు, ఒక్కోటి ఇంత పొడవు’ అని రాసేవాళ్ళం.

మిగతా సీజన్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. జనవరిలో కోచ్‌ని పంపించేశారు. 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. ఆ రెండో గెలుపు కూడా చిట్టచివరి ఆటలో, గువాహటిలో 5-1. ఆఫీసు మెట్ల మీద ఫోన్‌లో చూశాను. నెల తిరగకముందే కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి.

తర్వాతి రెండు సీజన్లూ గోవాలోనే, ఖాళీ గ్యాలరీల ముందు. కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాక జట్టు కొత్తగా పుట్టినట్టయింది. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, జనాన్ని రానిచ్చారు. మళ్ళీ కేరళే. గోల్ మళ్ళీ ఆ రాహులే! ఈసారి పసుపు చొక్కాలు మన ఆటగాళ్ళకు దక్కాయి, వాళ్ళవాళ్ళు నలుపు వేసుకున్నారు, గ్యాలరీలు మాత్రం యథాప్రకారం వాళ్ళ పసుపే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు. నేను ఇంట్లో సోఫా వెనక నిలబడి చూశాను, టెన్షన్‌కు కూర్చోలేక. చాచాకు ఫోన్ చేస్తే, “చూసిన బేటా, చూసిన” అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. నాకు అది చాలు.

అక్టోబర్‌లో గచ్చిబౌలిలో మళ్ళీ ఆట మొదలైనప్పుడు అన్న రేటు పెంచాడు. కప్పు కొట్టినోళ్ళ రేటు వేరే ఉంటదట.

2025లో క్లబ్బు ఢిల్లీకి వెళ్ళిపోయింది, పేరు కూడా మారిపోయింది. వార్త వచ్చిన రోజు పుణె కుర్రాడు మెసేజ్ పెట్టాడు. ‘మఫ్లర్ ఉతక్కండి, అలాగే దాచుకోండి’ అని. ఢిల్లీలో ఎవరైనా పెద్దాయన గట్టు మీద కూర్చుని చాచా ప్రశ్నే అడుగుతున్నాడేమో.

మొన్న బోయిన్‌పల్లిలో ఒక పెళ్ళి బారాత్ అడ్డమొస్తే బండి ఆపాను. ముందు వరసలో మా ఫైబర్ డప్పు. పసుపు సగం రాలిపోయింది, స్టికర్ అంచు లేచింది. అన్న నన్ను చూశాడు, ఆగలేదు. “ఎవరిదిరా” వరస రెండుసార్లు కొట్టి, తిరిగి పెళ్ళి తీన్‌మార్‌లోకి వెళ్ళిపోయాడు.