హైస్కూల్లో క్యామ్, రోబోటిక్స్: సాఫ్ట్‌వేర్ కంటే ముందు కాలిపర్

కంప్యూటర్ సాయంతో తయారీ (క్యామ్: తెర మీద గీసిన బొమ్మ నుంచి చెక్కే మెషిన్‌కి ఆజ్ఞలు తయారుచేయడం), రోబోటిక్స్ కలిపి హైస్కూల్లో ఒక కోర్సు పెడదామనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? నా లెక్కలో అది ఆఖరున తేల్చుకోవాల్సిన సంగతి. పదిహేనేళ్ల పిల్లలకు బొమ్మలు గీసే ఏ క్యాడ్ ప్యాకేజీ అయినా కొద్ది వారాల్లో అలవాటవుతుంది. అంత తొందరగా పట్టుబడనిది వేరే ఉంది: తెర మీద 22 మిల్లీమీటర్లని గీసిన గుంట, చెక్కి చూస్తే 21.85 ఎందుకొచ్చిందో చెప్పగలగడం. కోర్సుని ఈ ప్రశ్న చుట్టూ అల్లాలి.

ముప్పై వారాలు చేతిలో ఉన్నాయనుకుందాం. కొలతలకీ డ్రాయింగ్‌కీ మూడు, చేత్తో జీ-కోడ్ (మెషిన్‌కి కదలికలు చెప్పే ఆజ్ఞల భాష) రాయడానికి మూడు, క్యామ్‌కీ చెక్కడానికీ పది, రోబో చేతికి ఎనిమిది, మెషిన్‌నీ రోబోనీ కలిపి నడిపించడానికి ఆరు. ఈ చివరి ఆరూ తగ్గించి రోబో పోటీలకి మళ్లించాలని అనిపిస్తుంది. వద్దు. కోర్సులో అసలు చదువు జరిగేది ఆ ఆరు వారాల్లోనే.

మొదటి వారం మెషిన్ ఆన్ చేయనక్కర్లేదు. ఒకే అల్యూమినియం దిమ్మని ఐదుగురి చేత, ఒక్కొక్కరి చేత మూడు చోట్ల, కాలిపర్‌తో (దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) కొలిపించి, అంకెలన్నీ బోర్డు మీద రాయించండి. 0.1 మి.మీ. దాకా తేడా కనబడుతుంది. కాలిపర్ దవడలు వంకరగా పట్టడం, బొటనవేలితో గట్టిగా నొక్కడం, మూసినప్పుడు సున్నా చూపిస్తోందో లేదో చూసుకోకపోవడం, అంచున మిగిలిన గరుకు బర్‌ని ఆకురాయితో తీయకపోవడం: కారణాలు దాదాపు ఎప్పుడూ ఈ నాలుగే. చిన్న రంధ్రాల విషయంలో ఇంకోటుంది. లోపలి దవడల అంచులు కాస్త చదునుగా ఉంటాయి కాబట్టి కాలిపర్ అసలు వ్యాసం కంటే తక్కువ చూపిస్తుంది. అందుకే 5 మి.మీ. రంధ్రాన్ని కాలిపర్‌తో కాకుండా, వ్యాసం తెలిసిన పిన్ను దూర్చి చూడాలి.

తర్వాత జీ-కోడ్. క్యామ్ ఎలాగూ రాసిపెడుతుంది కదా, చేత్తో ఎందుకు అంటారు. క్యామ్ తప్పు రాసినప్పుడు గుర్తుపట్టాలంటే చదవడం రావాలి, అందుకు. స్పిండిల్ (చెక్కే బిట్‌ని తిప్పే భాగం) ఉండాల్సిన చోట స్ప్రింగ్ పెట్టిన పెన్ను బిగించి, కాగితం మీద 40 మి.మీ. చతురస్రం గీయిస్తే చాలు. ప్రోగ్రామ్ మొత్తం ఇంతే:

జీ21 జీ90 జీ54
జీ0 జెడ్5
జీ0 ఎక్స్0 వై0
జీ1 జెడ్-0.5 ఎఫ్100
జీ1 ఎక్స్40 ఎఫ్300
జీ1 వై40
జీ1 ఎక్స్0
జీ1 వై0
జీ0 జెడ్5
ఎం30

జీ21 అంటే కొలతలు మిల్లీమీటర్లలో. జీ90 అంటే దూరాలన్నీ సున్నా బిందువు నుంచి. జీ54 అంటే మనం ముక్క మీద పెట్టుకున్న సున్నా. జీ0 గాలిలో వేగంగా జరగడానికి, జీ1 చెప్పిన వేగంతో చెక్కుతూ జరగడానికి. ఎక్స్, వై, జెడ్ దిశలు, ఎఫ్ ఆ వేగం, ఎం30 ముగింపు. 1952లో ఎంఐటీలో చూపించిన న్యూమరికల్ కంట్రోల్ మిల్లింగ్ మెషిన్ పంచ్ టేపుతో నడిచింది. ఈ ఒక్క అక్షరం, ఒక్క అంకె పద్ధతి ఆ టేపుల కాలపు పొదుపే.

ప్రోగ్రామ్ ఒకసారి సరిగ్గా నడిచాక కావాలని పాడుచేయించండి. పెన్ను దిగిన లైను తర్వాత జీ91 చేర్చితే చతురస్రం బదులు ఎల్ ఆకారం వస్తుంది. ఇప్పుడు ప్రతి అంకే ‘ఇక్కడి నుంచి ఇంత’ అవుతుంది కాబట్టి ఎక్స్0, వై0 లైన్లకి కదలికే ఉండదు. జీ21 తీసేసి మెషిన్‌ని అంగుళాల్లో ఉంచితే 40 కాస్తా 1016 మి.మీ. అవుతుంది. సాఫ్ట్ లిమిట్లు (దాటకూడదని సాఫ్ట్‌వేర్‌లో చెప్పిన హద్దులు) పెట్టి ఉంటే అలారం కొట్టి ఆగుతుంది, లేకపోతే గ్యాంట్రీ (స్పిండిల్‌ని మోసే అడ్డదూలం) వెళ్లి చివర గుద్దుకుంటుంది. పెన్ను పెట్టినప్పుడే ఈ తప్పు చూసేసిన పిల్లలు, క్యామ్‌లో పోస్ట్ ప్రాసెసర్ (ఆ మెషిన్‌కి తగ్గ జీ-కోడ్ రాసే భాగం) ఎంచుకునేటప్పుడు యూనిట్ల గడిని వదిలేయరు.

మెషిన్ సొంతంగా కూర్చినదైతే, స్టెప్పుల లెక్క కూడా పిల్లల చేతే చేయించాలి. చుట్టుకి 200 స్టెప్పుల మోటారు, ఒక్కో స్టెప్పుకి 16 మైక్రోస్టెప్పులు, పళ్ల మధ్య దూరం (పిచ్) 2 మి.మీ. ఉన్న బెల్టు, 20 పళ్ల పుల్లీ: 3200ని 40తో భాగిస్తే మిల్లీమీటరుకి 80 స్టెప్పులు. చుట్టుకి 8 మి.మీ. జరిపే (లీడ్) స్క్రూ అయితే 400. 100 మి.మీ. పొమ్మంటే 98.4 పోయింది కాబట్టి 80ని 81.3గా మార్చేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. ముందు ఆ పని చేయకండి. బెల్టు, పుల్లీ లెక్క ప్రకారం 80 రావాల్సిందే. అంత తేడా ఉందంటే బెల్టు వదులుగా ఉంది, లేదా పుల్లీని బిగించే చిన్న గ్రబ్ స్క్రూ మోటారు షాఫ్టు చదును వైపున కూర్చోక జారుతోంది. అంకె మార్చితే ఆ జబ్బు ఇవాళ్టికి దాక్కుంటుంది, రేపు ఇంకో కొలతతో బయటపడుతుంది.

క్యామ్‌లో టూల్‌పాత్‌లు (బిట్ నడిచే దారులు) గీయడం తేలికే. ముక్కలు పాడయ్యేది సున్నా దగ్గర. తెర మీద సున్నా ఒక మూలన, మెషిన్ మీద ఇంకో మూలన పెట్టడం నిత్యం జరిగే తప్పు. సెటప్ కాగితం మీద సున్నా ఎక్కడో బొమ్మ గీసి, గురువు సంతకం పెట్టాకే స్పిండిల్ తిరగాలన్న నియమం ఒక్కటి పెడితే ఇది ఆగుతుంది. జెడ్ సున్నా ముక్క పైభాగాన పెట్టాలా, కింది బల్ల మీద పెట్టాలా అన్నది పనిని బట్టి ఉంటుంది. 6 మి.మీ. ప్లైవుడ్ అని కొన్నది కొలిస్తే 5.6 ఉండొచ్చు, 6.4 కూడా ఉండొచ్చు. పైనుంచి సున్నా పెట్టి 6.2 లోతు చెక్కితే, మొదటి దానికి బల్లలోకి 0.6 దిగుతుంది, రెండోదాని అడుగున 0.2 పొర తెగకుండా మిగిలిపోతుంది. షీటుని పూర్తిగా కోసే పనైతే బల్ల మీద కోతకి పాడైనా ఫర్వాలేని మెత్తని పలక పరిచి, సున్నా దాని మీదే పెట్టి, ఆ పలక లోపలికి 0.2 దిగనివ్వాలి. గుంటలు, చెక్కడాలు లాంటి లోతు ముఖ్యమైన పనులకి పైభాగం నయం.

బిట్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో (ఆర్‌పీఎం) సూత్రం ఒకటే: కోత వేగాన్ని (బిట్ అంచు నిమిషానికి ఎన్ని మీటర్లు కదులుతుందో) 1000తో గుణించి, π (పై)తో గుణించిన బిట్ వ్యాసంతో భాగించాలి. అల్యూమినియంలో 6 మి.మీ. కార్బైడ్ ఎండ్ మిల్ బిట్‌కి నిమిషానికి 150 మీటర్లు అనుకుంటే సుమారు 8000 ఆర్‌పీఎం. రెండు ఫ్లూట్లు (బిట్ మీద కోసే పళ్లు), ఒక్కో పంటికి 0.03 మి.మీ. అయితే ఫీడ్ (బిట్ ముందుకు జరిగే వేగం) 8000 × 2 × 0.03, అంటే నిమిషానికి 480 మి.మీ. చిన్న బల్ల మెషిన్లలో ఒక్కో విడతకి 0.5 మి.మీ. లోతుతో మొదలుపెట్టాలి.

పిల్లలకి భయం వేస్తే ఫీడ్ తగ్గిస్తారు. సహజం. కానీ అక్రిలిక్‌లో సరిగ్గా అదే కొంప ముంచుతుంది. బిట్ కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది, వేడికి ప్లాస్టిక్ కరిగి ఫ్లూట్ల నిండా ముద్దగా అతుక్కుంటుంది, ఆ తర్వాత బిట్ విరుగుతుంది. దానికి మందు ఫీడ్ పెంచడం, ఆర్‌పీఎం తగ్గించడం, ఒకే ఫ్లూట్ ఉన్న బిట్ వాడటం. రజను పొడిపొడిగా వస్తోందా, చిన్న చిన్న పెచ్చులుగా వస్తోందా అన్నది చూడటం నేర్పాలి. పెచ్చులు కావాలి. పదార్థాల వరుస కూడా అందుకే ముఖ్యం: ముందు మెషినబుల్ మైనం లేదా గట్టి ఫోమ్, తర్వాత ప్లైవుడ్, హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్), ఆ పైన అక్రిలిక్, చివర్లో అల్యూమినియం.

ముక్కని బల్లకి బిగించే క్లాంపులు మర్చిపోవద్దు. సిమ్యులేషన్‌లో అవి కనబడవు. తెర మీద క్లియరెన్స్ ఎత్తు (గాలిలో జరిగేటప్పుడు బిట్ ఉండే ఎత్తు) 5 మి.మీ., బల్ల మీద క్లాంప్ ఎత్తు 12. జీ0తో వేగంగా జరుగుతున్నప్పుడే ఢీకొంటుంది. చుట్టూ కోసి విడదీసే ముక్కకి ట్యాబులు (ముక్కని పట్టి ఉంచే, కోయని చిన్న వంతెనలు) వదలాలి: 6 మి.మీ. షీటుకి 5 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం, నాలుగు చోట్ల. లేకపోతే చివరి విడతలో ముక్క ఊడి బిట్‌కి చిక్కుకుని ఎగురుతుంది. కళ్లద్దాలు అందరికీ ఉండాలి, చూస్తూ నిలబడ్డవాళ్లకి కూడా. తిరిగే స్పిండిల్ దగ్గర చేతి తొడుగులు మాత్రం వద్దు. తొడుగు పట్టుకుపోతే చేతిని కూడా లాగేస్తుంది.

ఇక కోర్సుకి నడిబొడ్డు లాంటి అభ్యాసం. 608 బేరింగ్ తీసుకోండి: లోపల 8, బయట 22, మందం 7 మి.మీ. హెచ్‌డీపీఈ దిమ్మలో 22 మి.మీ. గుంట చెక్కి, చేత్తో నొక్కితే బిగుతుగా కూర్చునేలా చేయమనండి. మొదటిసారి చాలామందికి కూర్చోదు. ఇక్కడ సాయం చేయకుండా కాలిపర్ ఇచ్చి, ఎక్స్ దిశలో వ్యాసం, వై దిశలో వ్యాసం విడివిడిగా రాయమనాలి.

రెండు దిశల్లోనూ ఒకేలా, 21.85 చొప్పున తక్కువొస్తే, బిట్ అసలు వ్యాసం చెప్పినదానికంటే చిన్నదై ఉండాలి, లేదా కోతలో వంగుతూ ఉండాలి. బిట్‌ని కొలిచి అసలు వ్యాసాన్ని క్యామ్‌లోని టూల్ లైబ్రరీలో రాస్తే మొదటిది పోతుంది. రెండోదానికి 0.2 మి.మీ. మిగిల్చి చివర్లో ఒక సన్నని ఫినిషింగ్ విడత వేయాలి. ఎక్స్‌లో 21.80, వైలో 21.98 వస్తే కథ వేరు. ఎక్స్ స్క్రూలో బ్యాక్‌లాష్ (నట్టుకీ స్క్రూకీ మధ్య వదులు) ఉంది. దిశ మారిన ప్రతిసారీ నట్టు వదులంతా తీరాకే బల్ల కదులుతుంది కాబట్టి ఆ దిశలో వృత్తం అంత మేరకు కురచవుతుంది, దిశ మారే చోట వేలితో తడిమితే చిన్న చదునో మెట్టో తగులుతుంది. డయల్ ఇండికేటర్ (చిన్న కదలికని ముల్లుతో చూపే పరికరం) ఆనించి అటూ ఇటూ 1 మి.మీ. చొప్పున జరిపి చూస్తే వదులెంతో అంకెలో తెలుస్తుంది. రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి జబ్బు పేరు చెప్పగలిగిన విద్యార్థికి, బేరింగ్ కూర్చోకపోయినా పూర్తి మార్కులు వేయాలని నా అభిప్రాయం.

లోపలి మూలలు కూడా ఇక్కడే చెప్పేయొచ్చు. 6 మి.మీ. బిట్ తిరిగిన మూలలో 3 మి.మీ. వ్యాసార్థం మిగులుతుంది, పదునైన మూల ఉన్న చెక్క అందులో దిగదు. మూలలో కాస్త అదనంగా కోసే డాగ్‌బోన్ వేస్తే సరి.

రోబో చేతి దగ్గరికొస్తే త్రికోణమితి మళ్లీ పనికొస్తుంది. రెండు లింకుల చేయి, పొడవులు 200, 150 మి.మీ. చేరాల్సిన చోటు ఎక్స్ 250, వై 100. కొసైన్ సూత్రం ప్రకారం మోచేతి కోణం కొసైన్: (72500 − 62500) ÷ 60000, అంటే 0.1667, కోణం సుమారు 80.4 డిగ్రీలు. భుజం కోణం 55.1 కావొచ్చు, −11.5 కావొచ్చు. మోచేయి పైకి ఒకటి, కిందికి ఒకటి. రెండూ అదే చోటికి చేరతాయి, కానీ ఒకదాంట్లో మోచేయి బల్లకి తగులుతుంది. రోబో ‘పిచ్చిగా’ తిరిగిందని పిల్లలు చెప్పేది చాలాసార్లు ఈ రెండో జవాబునే. ఈ చేయి 350 మి.మీ. దాటి అందుకోలేదు, 50 లోపలికీ రాలేదు.

ఆరు కీళ్ల చేతిలో జాయింట్ కదలికకీ (కీళ్లు వాటి వీలు కొద్దీ తిరుగుతాయి, దారి వంకర కావొచ్చు), సరళరేఖ కదలికకీ తేడా చూపించాలి. ముక్క పైన 50 మి.మీ. ఎత్తులో ఒక బిందువు నేర్పి, అక్కడి దాకా జాయింట్ కదలికతో రావచ్చు. అక్కడి నుంచి కిందికి దిగడం, పైకి లేవడం మాత్రం సరళరేఖలోనే. పారిశ్రామిక రోబో అయితే నేర్పించేటప్పుడు వేగం సెకనుకి 250 మి.మీ. దాటకూడదు, చేతిలో నొక్కి పట్టే ఎనేబుల్ స్విచ్ మధ్య స్థానంలో పట్టుకుంటేనే కదలాలి. హాబీ సర్వోలతో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు) చేసే చేయి అయితే వచ్చే మొదటి ఫిర్యాదు బోర్డు దానంతటదే రీసెట్ అవుతోందని. సర్వో ఇరుక్కున్నప్పుడు లాగే కరెంటుని కంట్రోలర్ బోర్డు 5 వోల్ట్ పిన్ను ఇవ్వలేదు. వేరే సప్లై పెట్టి, రెండిటి గ్రౌండ్‌లు కలపాలి. గ్రౌండ్ కలపడం మర్చిపోతే సర్వో వణుకుతుంది.

చివరి ఆరు వారాల పని: రోబో దిమ్మ తెచ్చి, గాలి పీడనంతో మూసుకుని ముక్కని బిగించే వైస్‌లో పెట్టాలి, మెషిన్ చెక్కాలి, రోబో తీసి ట్రేలో పెట్టాలి. కోడ్ రాసే ముందు కాగితం మీద సంకేతాల పట్టిక వేయించండి: తలుపు తెరిచి ఉంది, వైస్ మూసి ఉంది, ముక్క ఉంది, చెక్కడం అయింది. ఏ సంకేతాన్ని ఎవరు పంపుతారు, ఎవరు వేచి ఉంటారు. సంకేతం బదులు ‘3 సెకన్లు ఆగు’ అని రాసిన చోటే సెల్ (రోబో, మెషిన్ కలిసిన ఈ ఏర్పాటు) దెబ్బతింటుంది. గాలి పీడనం తగ్గిన రోజు వైస్ మూసుకోవడానికి నాలుగు సెకన్లు పడుతుంది, రోబో అప్పటికే ముక్కని వదిలేసి ఉంటుంది. పారిశ్రామిక మెషిన్ల సంకేతాలు సాధారణంగా 24 వోల్టులు, స్కూలు బోర్డులవి 5 లేదా 3.3. మధ్యలో ఆప్టోకప్లర్ (కాంతితో సంకేతాన్ని దాటించే చిప్) లేదా రిలే లేకుండా తీగ కలిపితే బోర్డు అక్కడికక్కడే కాలిపోతుంది. ఎమర్జెన్సీ స్టాప్ రెండిటినీ ఒకేసారి ఆపాలి, అదీ కోడ్ ద్వారా కాకుండా తీగల ద్వారా.

పరీక్ష కింద ఇరవై ముక్కలు ఎవరూ ముట్టుకోకుండా నడిపించి, ప్రతి ముక్కనీ కొలిచి గ్రాఫ్ వేయించండి. ఏడో ముక్కకో ఎనిమిదో ముక్కకో మందం ఉన్నట్టుండి 0.3 తగ్గితే ముందు వైస్ అడుగు చూడాలి. అక్కడ రజను పేరుకుని దిమ్మ ఎత్తుగా కూర్చుని ఉంటుంది. ప్రతి ముక్క తీశాక గ్రిప్పర్ వేళ్లకి బిగించిన చిన్న బ్రష్షుతో రోబో చేతే వైస్ ఊడ్పించే నాలుగు లైన్లు ప్రోగ్రామ్‌లో చేర్చితే అది తీరుతుంది.