చెరువు గట్టు దాటని సహకారం

నెల్లూరు జిల్లా తీర మండలాల్లో రొయ్యలు పెంచే రైతుకు శాస్త్రం కొత్త కాదు. సీడ్, అంటే రొయ్య పిల్లలు, కొనే ముందు వైరస్‌ను పట్టిచూపే పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. పీహెచ్, ఉప్పదనం, అమ్మోనియా, విబ్రియో బ్యాక్టీరియా లెక్కలు అతని నోటి మీదే ఉంటాయి. మేత కంపెనీ టెక్నీషియన్ వచ్చి, మేత ఎంత మిగిలిందో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూసి, మేత పెంచాలో తగ్గించాలో చెప్పి వెళ్తాడు. వ్యాపారమూ విజ్ఞానమూ ఇంతగా కలిసి పనిచేసే రంగం మన జిల్లాలో ఇంకొకటి లేదనే చెప్పాలి. అయితే ఈ సహకారమంతా చెరువు గట్టు లోపలే జరుగుతోంది. గట్టు అవతలి మురుగు కాలువ, అది కలిసే ఉప్పుటేరు, ఆ ఏరు చేరే సముద్రం ఎవరి నోటుపుస్తకంలోనూ కనిపించవు. సముద్రాన్ని కాపాడటానికి కంపెనీలూ శాస్త్రవేత్తలూ చేతులు కలపాలని సభల్లో వింటున్నప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ కాలువే.

ఇందుకూరుపేట మండలంలో మా బావకు కొన్ని చెరువులున్నాయి. పట్టుబడి రోజున, అంటే పెరిగిన రొయ్యలను పట్టే రోజున, తూము ఎత్తితే మొదట వచ్చే నీరు చూడటానికి బాగానే ఉంటుంది. చెరువు అడుగంటే వేళకు వచ్చే ఆఖరి నీరు వేరు. నెలల తరబడి అడుగున పేరుకున్న మిగులు మేత, రొయ్యల విసర్జన, విడిచిన పెంకులు కలిసి నల్లటి బురదగా మారి, కుళ్లిన గుడ్డు వాసనతో కాలువలోకి దిగుతాయి. ఒకసారి ఆ ఒడ్డున వల సర్దుకుంటున్న, మత్స్యకారుల వాడ అయిన పట్టపుపాలెం పెద్దాయన నాతో, "ఎవరి చెరువు ఎప్పుడు పట్టారో మాకొకరు చెప్పబన్లేదు నాయనా, ఏట్లో పీతలు ఒడ్డెక్కితే తెలిసిపోద్ది" అన్నాడు. నీటిలో ప్రాణవాయువు తగ్గితే పీతలు బయటికి పాకుతాయి. ల్యాబులో మీటరు చెప్పే సంగతినే ఆయన కంటితో చదువుతున్నాడు. ఈ మాట బావతో అంటే, "చెరువు నీళ్లు చూసే ల్యాబులు వీధికొకటి ఉండాయి బావా, కాలువ నీళ్లు చూసేది ఒక్కటీ లేదు" అన్నాడు. అతని స్వరంలో సమర్థింపు లేదు, దిగులుంది. ఎందుకంటే పక్క రైతు మోటారు నీళ్లు తోడుకునేది ఆ ఏటిలో నుంచే.

ఈ రంగంలో సముద్రాన్ని కాపాడటం, పెట్టుబడిని కాపాడుకోవడం రెండు వేర్వేరు పనులు కావు. తొంభైల నడుమ తెల్లమచ్చ వైరస్ తూర్పు తీరాన్ని ఊడ్చిపెట్టినప్పుడు, జబ్బు తగిలిన చెరువు నీటిని బ్లీచింగ్ చేయకుండా కాలువలోకి వదలడం, ఆ నీటినే ఇంకొకరు తోడుకోవడం వ్యాధి పాకిన ముఖ్యమైన దారుల్లో ఒకటి.

ఆ రోజుల్లో శాస్త్రవేత్తలూ రొయ్యల వ్యాపారులూ కోర్టులో ఎదురుబొదురుగా నిలిచారు. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలను పంపి ఆంధ్ర, తమిళనాడు తీరాల్లోని చెరువులను పరిశీలింపజేసి, 1996 డిసెంబరు 11న తీరనియంత్రణ మండలంలోని, సంప్రదాయ సాగువి కాని చెరువులను తొలగించాలని తీర్పునిచ్చింది. తర్వాత 2005లో తీరప్రాంత సాగును నియంత్రించే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. అదే పరిశ్రమకు అప్పటిదాకా పెంచుతున్న టైగర్ రొయ్యతో గిట్టుబాటు కాని కాలం వచ్చినప్పుడు మాత్రం ఇరుపక్షాలూ చక్కగా కలిశాయి. 2003లో రెండు ప్రైవేటు కంపెనీలకు విదేశీ జాతి అయిన వెనామీ రొయ్యను ప్రయోగాత్మకంగా తెచ్చుకునే అనుమతి ఇచ్చారు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ (సీబా) శాస్త్రవేత్తలు, మరో జాతీయ సంస్థ నిపుణులు దానివల్ల వచ్చే ముప్పును మదింపు చేశారు. 2009 నుంచి తల్లి రొయ్యలను చెన్నై క్వారంటైన్ మీదుగా రప్పించే ఏర్పాటుతో సాగుకు తలుపు తెరిచారు. చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వేయరాదన్న హద్దు కూడా అప్పుడు పెట్టిందే. కలవాలనుకుంటే ఎంత పకడ్బందీగా కలవగలరో ఈ ఉదంతమే చెబుతుంది కనుక, కాలువ విషయంలో అది అసాధ్యమంటే నేను ఒప్పుకోను.

ప్రపంచంలో ఇందుకు ఒక నమూనా ఉంది. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ రెజిలియెన్స్ సెంటర్ శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధనలో, ప్రపంచ సముద్ర చేపల వేటలో 11 నుంచి 16 శాతం కేవలం 13 కంపెనీల చేతిలో ఉందని లెక్కగట్టారు. వారు అక్కడితో ఆగలేదు. ఆ కంపెనీల అధిపతులకే కబురుపెట్టి 2016 నవంబరులో మాల్దీవుల్లో కూర్చోబెట్టారు. ఆ చర్చల నుంచి సీబాస్ అనే కూటమి పుట్టింది. అక్రమ వేటను, వెట్టిచాకిరీని తమ సరఫరా గొలుసు నుంచి తొలగించడం, యాంటీబయాటిక్స్ వాడకం తగ్గించడం వంటివి దాని లక్ష్యాలు. మన రైతులకు బాగా తెలిసిన సీపీ ఫుడ్స్ వంటి మేత కంపెనీలు కూడా అందులో ఉన్నాయి. ఇచ్చిన మాట నిలబెట్టుకోకపోతే శిక్షించేవారు లేకపోవడం దీని లోపమే. అయినా, లక్షలమందికి నీతులు చెప్పడానికి బదులు పగ్గాలున్న ఆ కొద్దిమందిని వెతికి పట్టుకోవడం నాకు అన్నిటికంటే విలువైన పాఠంగా తోస్తుంది. మన దగ్గరా రైతులు వేలల్లో ఉన్నా, మేత మిల్లులు, రొయ్య పిల్లలను తయారుచేసే హేచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు వాళ్లతో పోలిస్తే చాలా కొద్దివే. రెండెకరాల కౌలు రైతును శుద్ధి చెరువు తవ్వమంటే ఉన్న భూమిలో ఎక్కడ తవ్వుతాడు? అతనికి సీడ్, మేత అప్పుగా ఇచ్చి, చివరికి సరుకు కొనుక్కునేవారు తలచుకుంటే, పదిమంది రైతులకు కలిపి ఒక శుద్ధి చెరువు తవ్వించి, అందులో బురద దిగిపోయాక ఆల్చిప్పలకో, సముద్రపు నాచుకో మిగిలిన పోషకాలను వదిలి, తేరిన నీటినే ఏటిలోకి పంపే ఏర్పాటు చేయగలరు.

వాణిజ్యం తన రోజువారీ పనిలోనే విజ్ఞానానికి తోడ్పడటం ఎప్పటినుంచో ఉంది. 1931 నుంచి యూరప్ సరుకు ఓడలు ప్లాంక్టన్‌ను పట్టే చిన్న పరికరాన్ని వెనుక లాగుతూ ప్రయాణిస్తున్నాయి. ఉత్తర అట్లాంటిక్‌లో వచ్చిన మార్పుల గురించి నేడు తెలిసినదానిలో చాలా భాగం ఆ ఓడల పుణ్యమే.

మనకు కావలసిన యంత్రాంగం సగం సిద్ధంగానే ఉంది. యాంటీబయాటిక్ అవశేషాల మూలంగా యూరోపియన్ యూనియన్ 2016లో మన సాగు రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతం సరుకుకు పెంచింది. పట్టుబడికి ముందే సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా) ల్యాబులో రొయ్యలను పరీక్ష చేయించే పద్ధతి మనకు ఉంది. పెట్టెలో ఉన్న రొయ్య ఏ చెరువుదో వెనక్కి వెళ్లి చెప్పగలుగుతున్నాం. విదేశీ వినియోగదారుడి కోసం రొయ్య వెంట ఇంత దూరం వెళ్లగలిగినవాళ్లం, అదే రోజున అదే చెరువు వదిలిన నీటి వెంట కాలువ చివరిదాకా వెళ్లలేమా? రొయ్య నమూనాతో పాటు ఒక సీసా తూము నీరు తీయడానికి అదనంగా అయ్యే ఖర్చు చాలా తక్కువ.

రైతులకూ కంపెనీలకూ ఉన్న భయం నాకు తెలుసు: లెక్క బయటపడితే నోటీసు వస్తుందని. అందుకే ఒప్పందం ముందుగానే రాసుకోవాలి. ఏ చెరువు నీరు ఎలా ఉందన్నది ఆ రైతుకూ శాస్త్రవేత్తకూ మధ్యే ఉండాలి. కాలువ మొత్తం నీరు ఎలా ఉందన్నది మాత్రం పట్టపుపాలెం వాళ్లతో సహా అందరికీ తెలుగులో తెలియాలి. లెక్క ఫలానా గీత దాటితే ఫలానా పని చేస్తామని కంపెనీ ముందే సంతకం పెట్టాలి. ఒడ్డున ప్లాస్టిక్ ఏరి ఫొటోలు దిగే కార్యక్రమాలకు నేను వ్యతిరేకిని కాను, కానీ సంతకం లేని సహకారాన్ని నేను సహకారంగా లెక్కించలేను.

మొదలుపెట్టడానికి కండలేరు క్రీకు తగిన చోటు. ఒకవైపు చెరువులు, ఇంకొకవైపు కృష్ణపట్నం ఓడరేవు, సమీపంలోనే థర్మల్ కేంద్రాలు, వీటన్నిటి నడుమ వేటకారుల పడవలు. ఏట్లో చేప తగ్గితే ప్రతివారూ పక్కవారి వైపు వేలు చూపిస్తారు. ఆ వివాదం తీర్చగలిగింది అందరూ కలిసి డబ్బు పెట్టి, ముత్తుకూరు మత్స్య కళాశాల వంటి సంస్థ చేత తీయించే కొలతలు మాత్రమే. వేసవి పంటకు సీడ్ వదలక ముందే తొలి కొలత తీయాలి. అది చేతిలో ఉంటేనే, పట్టుబడి నెలల్లో వచ్చిన మార్పులో చెరువులది ఎంతో, మిగిలినవారిది ఎంతో విడదీయడం సాధ్యమవుతుంది.