రెండు పుస్తకాల్లో ఒకటి

పదకొండో తరగతిలో చేరేటప్పుడు ఆర్ట్స్ తీసుకుంటానని చెప్పడానికి నాకు నిమిషం పట్టలేదు. టెన్షన్ అంతా ఇంగ్లీషుతోనే. కోర్ తీసుకోవాలా, ఎలెక్టివ్ తీసుకోవాలా? రెండూ తీసుకోవడానికి సీబీఎస్‌ఈ ఒప్పుకోదు. కోర్‌లో నోట్ మేకింగ్, నోటీసులు, ఉత్తరాలు, వాటితోపాటు కొన్ని పాఠాలు. ఎలెక్టివ్‌లో సాహిత్యం పాలు బాగా ఎక్కువ. మార్కులు మాత్రం దేనికైనా 100. "అవే మార్కులకి అంత బరువెందుకమ్మా?" అన్నారు నాన్న. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు.

మా మేడమ్ సలహా ఇవ్వలేదు. రెండు పుస్తకాలూ చేతిలో పెట్టి, మొదటి పాఠాలు చదివి సోమవారం చెప్పమన్నారు. కోర్ వాళ్ల 'హార్న్‌బిల్'లో మొదటిది ఖుష్వంత్ సింగ్ తన నాయనమ్మ గురించి రాసింది. చాలా బాగుంది. ఎలెక్టివ్ వాళ్ల 'వోవెన్ వర్డ్స్'లో మొదటిది చెహోవ్ కథ. కొడుకు పోయిన బండివాడు తన దుఃఖం చెప్పుకుందామంటే బండెక్కినవాళ్లెవరూ వినరు. ఆఖరికి గుర్రానికి చెప్పుకుంటాడు.

మా తాత ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఆ రాత్రి నాయనమ్మకి కథంతా తెలుగులో చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ తాతా అంతేనే. ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. గడ్డేసేటప్పుడు మాత్రం గుర్రంతో ఒకటే కబుర్లు" అంది.

సోమవారం ఎలెక్టివ్ అని చెప్పాను.

క్లాసులో మేం ఐదుగురమే. ఒక్కో కవిత మీద వారం గడిచేది. ముత్తవ్వకిచ్చిన మాట నిలుపుకోలేక, కూలిపోతున్న పాత ఇంటిని తలుచుకుంటూ కమలాదాస్ రాసిన 'బ్లడ్' చదివినప్పుడు మా వీధిలోని పెంకుటిళ్లే కనిపించాయి నాకు.

కానీ కోర్ వాళ్లకి మాత్రమే దక్కిన పాఠం ఒకటుంది. పన్నెండో తరగతి 'ఫ్లెమింగో'లో దోదే రాసిన 'ది లాస్ట్ లెసన్'. స్నేహితురాలి పుస్తకం అడిగి తీసుకుని వరండాలో కూర్చుని చదివాను. ఫ్రాన్స్ నుంచి జర్మనీ చేతిలోకి వెళ్లిన ఆల్సేస్ బడుల్లో ఇకమీదట జర్మనే చెప్పాలని బెర్లిన్ నుంచి ఉత్తర్వు వస్తుంది. ఫ్రెంచి మాస్టారు ఆఖరి పాఠం చెబుతారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా నాకు తెలుగు చదవడం రాదు. ఆ మాస్టారి ముందు నేనే తల వంచుకుని నిలబడ్డట్టయింది.

పరీక్షలైన మర్నాడు పలక తెచ్చుకుని నాయనమ్మ పక్కన కూర్చున్నాను. 'ఋ' దగ్గరికొచ్చేసరికి ఆవిడే తడబడి, అటక మీది పెద్ద బాలశిక్ష దింపమంది.