మూడో బేస్ మీద మిగిలిపోయిన పిల్లలు

మా అబ్బాయి బేస్‌బాల్ జట్టుకి అది నాలుగో మ్యాచ్, మూడో ఇన్నింగ్స్. మూడు బేస్‌ల మీదా మా పిల్లలే ఉన్నారు. ఇంకా ఒక్క ఔట్ కూడా కాలేదు. పెద్దవాళ్ల ప్రొఫెషనల్ బేస్‌బాల్, అంటే మేజర్ లీగ్ లెక్కల్లో అయితే ఇలాంటి చోట నుంచి సగటున రెండు పరుగులకు పైనే వస్తాయి. మాకు ఒక్కటీ రాలేదు. కొట్టాల్సిన బంతిని వదిలేసినా, ఊపి తప్పినా స్ట్రైక్, అవి మూడైతే ఔట్. మొదటి అబ్బాయి మూడో స్ట్రైక్ బంతిని బ్యాట్ కదపకుండా చూస్తూ నిలబడిపోయాడు. రెండోవాడు నెత్తి మీదుగా పోతున్న బంతికి బ్యాట్ ఊపాడు. మూడోవాడు నిజంగానే గట్టిగా కొట్టాడు, కానీ అది సూటిగా వెళ్లి షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ గ్లవ్‌లో పడింది. ఆ మూడోవాడు మా అబ్బాయి. హెల్మెట్ తీయకుండా డగౌట్ మూలకు వెళ్లి కూర్చున్నాడు.

నేను డగౌట్ పక్కన మడత కుర్చీలో స్కోర్‌బుక్ పట్టుకుని ఉన్నాను. ఇన్నింగ్స్ కింద 'లెఫ్ట్ ఆన్ బేస్' (బేస్‌ల మీదే మిగిలిపోయినవాళ్లు) అనే గడిలో 3 వేయాలి. పెన్సిల్ కదల్లేదు.

మేముండేది సియాటిల్ దగ్గర, లేక్ వాషింగ్టన్‌కు తూర్పున. మా వాడికి పదకొండేళ్లు. లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో మేజర్స్ అనే విభాగంలో ఆడతాడు. ఆరు ఇన్నింగ్స్ ఆట. బంతి విసిరే పిచర్‌కీ, బ్యాటర్ నిలబడే హోం ప్లేట్‌కీ మధ్య 46 అడుగులు, బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు. కోచ్‌లు, స్కోర్ రాసేవాళ్లు, గ్రౌండ్ ఆరబెట్టేవాళ్లు అందరూ తల్లిదండ్రులే. మార్చిలో కోచ్ "స్కోర్‌బుక్ ఎవరు తీసుకుంటారు?" అని అడిగితే నేను చెయ్యెత్తాను. ఇక్కడికి రాకముందు తెనాలిలో ఎనిమిదేళ్లు బ్యాంకులో పనిచేశాను. గడులూ లెక్కలూ అంటే నాకు భయం లేదు. ఆట మాత్రం అప్పటికి నాకు సగమే తెలుసు.

రాయడం నేర్చుకుంటుంటే ఒక విషయం తెలిసి సంతోషమేసింది. ఈ స్కోర్ రాసే పద్ధతికి రూపమిచ్చిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, ముందు క్రికెట్ వార్తలు రాసినవాడు. స్ట్రైకౌట్‌కి, అంటే మూడు స్ట్రైక్‌లతో ఔటైనప్పుడు, 'కె' అక్షరం వేసే అలవాటు ఆయన దగ్గర నుంచే వచ్చింది. 'స్ట్రక్' అనే మాటలో చివరి అక్షరం అది. బ్యాట్ ఊపి ఔటైతే మామూలు కె. ఊపకుండా నిలబడి ఔటైతే ఆ కె ని తిరగేసి రాయాలి. ఈ తిరగేసిన కె తర్వాత నాకు చాలా విషయాలు చెప్పింది.

నన్ను ఎక్కువ తికమకపెట్టింది ఆర్‌బీఐ. ఎనిమిదేళ్లు ఆ మూడక్షరాలకు రిజర్వ్ బ్యాంక్ అనే అర్థం తెలిసిన మనిషిని. ఇక్కడ అది 'రన్స్ బ్యాటెడ్ ఇన్'. అంటే నీ బ్యాటింగ్ వల్ల వేరేవాడు హోం ప్లేట్ చేరితే నీ ఖాతాలో పడే అంకె. క్రికెట్‌లో కొట్టినవాడి పేరు మీదే పరుగు ఉంటుంది. బేస్‌బాల్‌లో పరుగెత్తి వచ్చినవాడికి పరుగు, వాణ్ణి రప్పించినవాడికి ఆర్‌బీఐ. ఒకే పరుగు రెండు ఖాతాల్లో పడుతుంది. పైగా కొట్టినవాడు తాను ఔటైనా ఆర్‌బీఐ రావచ్చు. లోతుగా గాల్లోకి లేపిన బంతిని ఫీల్డర్ పట్టాక మూడో బేస్ మీదున్నవాడు పరుగెత్తి హోం చేరితే, కొట్టినవాడు ఔట్, పరుగు మాత్రం లెక్కే. దాన్ని శాక్రిఫైస్ ఫ్లై అంటారు. బేస్‌లన్నీ నిండి ఉన్నప్పుడు వాక్ (పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్‌కి ఊరికే దొరికే మొదటి బేస్) వచ్చినా ఆర్‌బీఐయే. నేల మీద దొర్లిన ఒకే బంతికి ఇద్దరు ఔటయ్యే 'డబుల్ ప్లే' మీద పరుగు వస్తే మాత్రం ఇవ్వరు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి స్కోర్‌బుక్ అట్టకు అతికించుకున్నాను.

మొదటి ఐదు మ్యాచ్‌ల్లో నాలుగు ఓడిపోయాం. గెలిచిన ఆ ఒక్కటి కూడా అవతలి పిచర్ విసిరిన బంతులు క్యాచర్‌ని దాటిపోతుంటే మా వాళ్లు పరుగెత్తి వచ్చినందువల్ల. మా పిచర్లు బాగానే వేస్తున్నారు. మా పిల్లలు బేస్ మీదకీ చేరుతున్నారు, కానీ హోంకి రావడం లేదు. స్టాండ్స్‌లో గొంతులు పెరిగాయి. ఒక తండ్రి తన కొడుకుని కాదు, వేరేవాళ్ల పిల్లాణ్ణి పేరు పెట్టి విసుక్కోవడం విన్నాను. ఆ పిల్లాడు కూడా విన్నాడు.

మా ఇంట్లోనూ అంతే. మా ఆయన కాలేజీ రోజుల్లో గుంటూరులో క్రికెట్ బాగా ఆడారు. మ్యాచ్ అయ్యాక కారెక్కగానే మొదలుపెట్టేవారు. "ముగ్గురు ఎదురుచూస్తుంటే అలాగేనా కొట్టేది? ఇంకాస్త ఎత్తులో కొడితే సిక్స్ పోయేదిగా." వాడు కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఐదో మ్యాచ్ రాత్రి వాడు వంటింట్లోకి వచ్చి అడిగాడు. "అమ్మా, నేను బ్యాటింగ్‌కి వెళ్లేటప్పటికి బేస్‌ల మీద ఎవరూ లేకపోతే బాగుండు అనిపిస్తోంది. అది తప్పా?"

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ మీద స్కోర్‌బుక్ పరిచి కూర్చున్నాను. బ్యాంకులో లెక్క తేలకపోతే ఏం చేస్తామో అదే చేశాను, ఒక్కో ఎంట్రీ వెనక్కి వెళ్లి చూశాను. రెండో బేస్ మీదో మూడో బేస్ మీదో మనవాడు ఉండగా బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతి సందర్భాన్నీ విడిగా రాశాను. ఐదు మ్యాచ్‌ల్లో 40కి పైగా తేలాయి. వాటిలో సగం సార్లు కూడా బంతి ఆటలో పడలేదు. అదే పిల్లలు బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు ఇంతకంటే బాగా కొట్టారు. అన్నిటికంటే బాధ కలిగించింది తిరగేసిన కె లు. ఖాళీ బేస్‌లప్పుడు అరుదుగా కనిపించేవి, మూడో బేస్ మీద మనవాడు ఉన్నప్పుడు వరసగా ఉన్నాయి. అంటే పిల్లలకు కొట్టడం రాక కాదు. తప్పు చేస్తామేమోనన్న టెన్షన్‌తో బ్యాట్ కదపలేకపోతున్నారు. మిగతావాళ్లేమో ఒక్క దెబ్బతో అందర్నీ ఇంటికి తేవాలని కళ్లు మూసుకుని ఊపుతున్నారు.

ఆ పేజీ ఫొటో తీసి కోచ్‌కి పంపాను. అరగంటలో ఫోన్ చేశారు. ఆయన మాట్లాడిన తీరు నాకు నచ్చింది. ముందు, ఇందులో అదృష్టం పాలు కూడా ఉంటుందన్నారు. మా వాడు కొట్టినలాంటి సూటి దెబ్బలు రెండడుగులు అటో ఇటో పడితే కథ వేరు, ఐదు మ్యాచ్‌లు చూసి ఏ పిల్లాడి మీదా ముద్ర వేయకూడదు అన్నారు. తర్వాత వాతావరణం. ఇక్కడ ఏప్రిల్‌లో సాయంత్రాలు చలి, సన్నగా వాన. ఆ చలిలో బంతి బ్యాట్ మీద సరైన చోట తగలకపోతే అరచేతులు జివ్వుమంటాయి. ఒకసారి అలా అయిన పిల్లాడు తర్వాతి బంతికి సగం మనసుతోనే ఊపుతాడు. ఆ తర్వాత ఆయన చెప్పింది నేను ఊహించనిది. చలికాలమంతా వాన వల్ల పిల్లలు లోపల కేజ్‌లో మెషిన్ విసిరే బంతుల్ని కొట్టారు. మెషిన్ ప్రతిసారీ ఒకే వేగంతో, ఒకే ఎత్తులో విసురుతుంది. మనిషి చెయ్యి అలా విసరదు. అందుకే సీజన్ మొదట్లో పిచర్లది పైచేయి అవుతుంది.

మా ఊరి మేజర్ లీగ్ జట్టు మెరైనర్స్ సంగతీ ఎత్తారు. 2024లో వాళ్ల పిచింగ్ గొప్పగా ఉంది, కానీ లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ స్ట్రైకౌట్లు వాళ్లవే. ఆగస్టులో మేనేజర్ స్కాట్ సర్వీస్‌ని తీసేసి డాన్ విల్సన్‌కి అప్పగించారు, బ్యాటింగ్ నేర్పడానికి వాళ్ల పాత ఆటగాడు ఎడ్గర్ మార్టినెజ్‌ని పిలిచారు. చివరికి 85 గెలిచి, ఒక్క గెలుపు తక్కువై ప్లేఆఫ్స్‌కి దూరమయ్యారు. కోట్ల జీతం తీసుకునేవాళ్లకే ఈ కష్టం తప్పలేదు, మన పిల్లలకి పదకొండేళ్లు అన్నారు.

మంగళవారం ప్రాక్టీస్ మారిపోయింది. మెషిన్ పక్కన పెట్టి కోచే దగ్గర నుంచి చేత్తో విసిరారు, ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా. ప్రతి పిల్లాడూ బ్యాటింగ్‌కి వచ్చేసరికి మూడో బేస్ మీద ఒకడు సిద్ధంగా ఉండాలి, అప్పటికే రెండు స్ట్రైక్‌లు అయినట్టు లెక్క. బ్యాట్‌ని అంగుళమో రెండంగుళాలో పైకి పట్టుకోమన్నారు. బంతి నేల మీద పోయినా, గాల్లోకి లేచినా ఒక పాయింట్. ఊపి తప్పితే సున్నా. చూస్తూ నిలబడిపోతే అందరూ కలిసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మూడో బేస్ మీదున్నవాడికీ పాఠమే. మా లీగ్‌లో బంతి బ్యాటర్‌ని చేరేదాకా బేస్ వదలకూడదు, కాబట్టి బ్యాట్ తగిలిన చప్పుడుకే కదలాలి. ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడే పిల్లల్ని చూస్తే ముచ్చటేసింది. పాయింట్లు నేనే రాశాను.

చివర్లో అందరినీ గడ్డి మీద కూర్చోబెట్టి ఎడ్గర్ 'డబుల్' (కొట్టినవాడు రెండో బేస్ దాకా చేరే దెబ్బ) గురించి చెప్పారు. 1995 అక్టోబర్ 8, సియాటిల్ కింగ్‌డోం. న్యూయార్క్ యాంకీస్‌తో ఐదో మ్యాచ్, ఓడితే ఇంటికే. పదకొండో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 5–4తో ముందున్నారు. మూడో బేస్ మీద జోయీ కోరా, మొదటి బేస్ మీద కెన్ గ్రిఫీ జూనియర్. ఎడ్గర్ ఎడమ వైపు గీత వెంబడి బంతిని పంపాడు. కోరా వచ్చాడు, అతని వెనకే గ్రిఫీ మొదటి బేస్ నుంచి ఆగకుండా పరుగెత్తి వచ్చి హోం ప్లేట్ మీద జారాడు. 6–5. "అది హోం రన్ కాదు, గోడ దాటలేదు" అని కోచ్ రెండుసార్లు అన్నారు. ఇప్పుడు స్టేడియం పక్కనున్న రోడ్డుకి ఎడ్గర్ పేరే ఉంది. మేము ఎన్నోసార్లు ఆ రోడ్డు మీదుగా వెళ్లాం, ఎందుకా పేరు అని నేనెప్పుడూ అడగలేదు.

ఇంట్లో పని నాది. మా ఆయనకి స్కోర్‌బుక్ చూపించి, వాడు వంటింట్లో అడిగిన మాట చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను వాడికి సాయం చేస్తున్నాననుకున్నాను" అన్నారు. ఆ రోజు నుంచి కారులో ఆట ఊసు ఎత్తకూడదని అనుకున్నాం. ముందు ఏం తింటావ్ అని అడగడం, వాడు మొదలుపెడితేనే మనం మాట్లాడటం. చెప్పినంత తేలిక కాదు. రెండుసార్లు ఆయన నోటిదాకా వచ్చిన మాట ఆపుకోవడం చూశాను.

ఏడో మ్యాచ్. జల్లు పడి ఆగింది. నాలుగో ఇన్నింగ్స్‌లో మేము ఒక పరుగు వెనకున్నాం. రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు, ఇంకా ఒక్క ఔట్ కూడా కాలేదు. మా వాడు బ్యాటింగ్‌కి వచ్చాడు. రెండు స్ట్రైక్‌లయ్యాయి. బ్యాట్ పట్టుకున్న చేతులు పైకి జరపడం చూశాను. తర్వాతి బంతి బ్యాట్ అంచుకి తగిలి నెమ్మదిగా రెండో బేస్ ఫీల్డర్ వైపు దొర్లింది. చూడటానికి ఏ అందమూ లేని దెబ్బ. ఫీల్డర్ తీసుకుని మొదటి బేస్‌కి విసిరాడు, మా వాడు ఔట్. కానీ మూడో బేస్ మీదివాడు చప్పుడుకే కదిలాడు, అప్పటికే హోం దాటాడు. రెండో బేస్ మీదివాడు మూడో బేస్‌కి చేరాడు. తర్వాత వచ్చిన అబ్బాయి సెంటర్ ఫీల్డ్‌కి లోతుగా లేపాడు. క్యాచ్. ఇంకో పరుగు. వారం క్రితం స్టాండ్స్‌లో తన మీద పడిన మాటలు విన్న పిల్లాడు అతనే.

ఒక్క హిట్ (కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) లేకుండా ఇద్దరు వచ్చారు. స్కోర్‌బుక్‌లో రెండో బేస్ ఫీల్డర్ నంబరు 4, మొదటి బేస్ ఫీల్డర్ నంబరు 3, కాబట్టి మా వాడి గడిలో 4–3 రాసి, ఆర్‌బీఐ వరసలో 1 వేశాను. ఆ సీజన్‌లో వాడి మొదటి ఆర్‌బీఐ అది.

ఆ మ్యాచ్ 5–3తో ఓడిపోయాం. తర్వాతి రెండూ గెలిచాం, ఆపైన ఒకటి ఓడాం. మే నెలలో ఎండ వచ్చాక పిల్లల చేతులూ తేలికయ్యాయి, కాబట్టి మార్పంతా మా ప్రాక్టీస్ వల్లే వచ్చిందని నేననను. కానీ నా స్కోర్‌బుక్‌లో తిరగేసిన కె లు తగ్గాయి. అది మాత్రం పిల్లలే సాధించారు.

ఏడో మ్యాచ్ రాత్రి తెనాలి నుంచి మా నాన్న వీడియో కాల్ చేశారు. అక్కడ తెల్లారింది, చేతిలో కాఫీ గ్లాసు.

"ఏరా నాన్నా, ఇవాళ ఎన్ని రన్నులు కొట్టావ్?"

"నేను కొట్టలేదు తాతయ్యా. నేను ఔటయ్యాను, అవతలి వాడు వచ్చాడు."

నాన్నకి అర్థం కాలేదు. వాడు ఉప్పు డబ్బా, ఆవకాయ సీసా, రెండు చెంచాలు టేబుల్ మీద పెట్టి, ఫోన్ వాటి మీదకి వంచి మొత్తం చూపించాడు. ఆవకాయ సీసా మూడో బేస్. దాన్ని చేత్తో లాగి హోంకి తెచ్చాడు. నాన్న కళ్లద్దాలు సర్దుకుని శ్రద్ధగా చూశారు.

"అయితే నువ్వు ఔటై ఆ పిల్లాణ్ణి ఇంటికి చేర్చావన్నమాట. వాడు నీకేమన్నా చెప్పాడా?"

"చెప్పలేదు తాతయ్యా. నేను డగౌట్‌లోకి రాగానే హెల్మెట్ మీద గట్టిగా రెండు దెబ్బలేశాడు."