నొచ్చుకున్న హృదయం

సండే స్కూల్లో మాకు చూపించిన నోవహు ఓడ బొమ్మలో కిటికీలోంచి జిరాఫీ తల బయటికి పెట్టి ఉండేది. పైన ఇంద్రధనుస్సు. చుట్టూ నీలం నీళ్లు, వాటిలో ఎవరూ లేరు. ఎవరైనా ఉండి ఉంటారని మాకూ తోచలేదు.

చాలా ఏళ్లకు ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ డోరే గీసిన జలప్రళయం బొమ్మ చూశాను. 1866లో ఫ్రాన్సులోని టూర్ పట్టణంలో అచ్చయిన పెద్ద బైబిలు కోసం గీసిన బొమ్మల్లో ఇదొకటి. ఆయన గీస్తే వేరేవాళ్లు చెక్క దిమ్మెల మీద చెక్కేవారు. ఈ బొమ్మలో ఓడ కనపడదు. నీళ్ల మధ్య ఒకే ఒక బండ మిగిలింది. మునిగిపోతూ కూడా కన్నవాళ్లు పిల్లల్ని దాని మీదికి తోస్తున్నారు. అదే బండ మీద ఒక ఆడపులి తన కూనతో ఉంది. అది పిల్లల జోలికి పోవడం లేదు, దాని గోడు దానిది.

ఆ శతాబ్దంలో దేవుని తీర్పును గీసినవాళ్లు చాలామందే. ఇంగ్లండులో జాన్ మార్టిన్ 1852లో, బైబిల్లో దేవుడు అగ్నితో నాశనం చేసిన సొదొమ గొమొఱ్ఱా పట్టణాల బొమ్మ గీశాడు. ఆకాశమంత ఎర్రటి మంట, దాని ముందు చీమలంత మనుషులు, అక్కణ్ణుంచి తప్పించుకుపోతున్న లోతు అనే అతని భార్య మీదికి దిగుతున్న మెరుపు. అది చూస్తే గుండె ఝల్లుమంటుంది. డోరే బొమ్మ చూస్తే ఏడుపొస్తుంది. బైబిలు వాక్యానికి డోరే బొమ్మే దగ్గరని నాకనిపిస్తుంది.

ఎందుకంటే బైబిల్లో మొదటి పుస్తకమైన ఆదికాండం 6:6లో, మనుషుల చెడుతనం చూసి దేవుడైన యెహోవా "తన హృదయములో నొచ్చుకొనెను" అని ఉంది. నేనైతే కోపం గురించి ఉంటుందనుకున్నాను. ఆ నొప్పికి హీబ్రూలో వాడిన మాటా, మూడో అధ్యాయంలో హవ్వ ప్రసవవేదనకు వాడిన మాటా ఒకే ధాతువులోంచి వచ్చాయి. కన్నవాళ్లు పడే నొప్పి. అయినా వాన ఆగలేదు. దీన్ని సర్దిచెప్పడం నాకు చేతకాదు, సులువుగా సర్దిచెప్పే ప్రసంగాలు విన్నా మనసొప్పదు.

ప్రళయం తర్వాతి మాట ఇంకా విచిత్రం. మనుషుల హృదయాలోచన బాల్యం నుంచీ చెడ్డది గనుక ఇక భూమిని శపించనంటాడు (8:21). ముంచడానికి ముందు చెప్పిన కారణమూ దాదాపు ఇదే కదా! మనుషులు అలాగే ఉన్నారు, ఆయనే మనసు మార్చుకున్నాడు.

డోరేదే ఇంకో బొమ్మలో నోవహు వదిలిన పావురం తెల్లగా ఎగురుతుంటుంది. కింద బండల నిండా శవాలు. అరకాలు నిలపడానికి దానికి స్థలం దొరకలేదని చదివినప్పుడు నాకు నీళ్లే గుర్తొచ్చేవి. అది తిరిగొస్తే నోవహు చెయ్యి చాపి, పట్టుకుని, ఓడలోకి తీసుకున్నాడు.