మాక్సెంటియస్ గుడికి పట్టిన పచ్చ పొడి: నాలుగోసారీ ఓడిపోయాను

మళ్ళీ వచ్చింది, నా పాత రోమన్ కంచు నాణేనికి పట్టిన జబ్బు. 'బ్రాంజ్ డిసీజ్' అంటారు: లోహంలో దాగిన క్లోరైడ్ ఉప్పు తేమ తగిలితే కంచును తినేస్తుంది. నిన్న రాత్రి డబ్బా మూత తీసి చూస్తే నాణెం మీది గుడిలో మూడో స్తంభం మొదట్లో, రోమ్ నగర దేవత రోమా మోకాలి పక్కన, అదే లేత పచ్చ పొడి. సూదితో తాకితే పిండిలా రాలిపోయింది. ఆరు నెలల్లో ఇది నాలుగోసారి.

అక్టోబర్‌లో కొన్న ఫాలిస్ ఇది, అంటే రోమన్ చక్రవర్తి మాక్సెంటియస్ కంచు నాణెం, ఇటలీలోని అక్విలియా టంకశాలది. అడ్డం 25 మి.మీ., వచ్చిన రోజు బరువు 6.52 గ్రాములు. కింద ఏ-క్యూ-ఎస్ అని, అంటే ఆ టంకశాలలో రెండో వర్క్‌షాప్ గుర్తు, చక్కగా చదవొచ్చు. 307లో రోమ్‌లోని వీనస్-రోమా గుడి కాలిపోతే మాక్సెంటియస్ మళ్ళీ కట్టించాడు. తన నగరాన్ని కాపాడేవాడు తానేనని నాణేల మీద కూడా వేయించుకున్నాడు. అసలు గుడికి ముందువైపు పది స్తంభాలుంటే నాణెం మీద ఆరే, కొన్నిటి మీద నాలుగే. దేవత కనపడాలి కాబట్టి మధ్యలో స్తంభాలను పక్కకు జరిపేశారు. మన క్యాలెండర్ బొమ్మల్లో గర్భగుడి తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి చూడండి, అలాగన్నమాట. నాకు ఈ గుళ్ళ నాణేల పిచ్చి పట్టింది కూడా ఇలాంటి అబద్ధాల కోసమే. ఇప్పుడు ఆ పొడి సరిగ్గా ఆ మధ్య ఖాళీనే తినేస్తోంది.

మొదటి ప్రయత్నం జనవరిలో. మైక్రోస్కోప్ కింద 20 రెట్లు పెంచి, సూదితో పొడంతా గీకేశాను. గుంట వెడల్పు 1.2 మి.మీ., లోతు సుమారు 0.4. నాలుగు వారాలు డిస్టిల్డ్ వాటర్‌లో, వారానికోసారి మార్చుతూ. ఆరబెట్టి, తడి దూది పెట్టిన డబ్బాలో మూసి పరీక్షిస్తే 30 గంటల్లో పచ్చబడింది.

రెండోది క్లోరైడ్‌ను బయటికి లాగే 5 శాతం సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణం, ఆరు వారాలు. ప్రతి వారం మార్చే ముందు 5 మి.లీ. తీసి సిల్వర్ నైట్రేట్‌తో క్లోరైడ్ పరీక్ష చేశాను. మొదటిసారి కుండెడు పెరుగులా గడ్డకట్టేసరికి గుండె ఆగినంత పనైంది. తర్వాత వెలిగింది: పొంగు ఆగేదాకా నైట్రిక్ యాసిడ్ కలపకపోతే కార్బొనేట్ కూడా వెండితో కలిసి అడుగున దిగిపోతుంది. సరిగ్గా చేశాక మొదటి వారం పాలలా, మూడో వారం గంజి తేటలా, ఆరో వారం మామూలు నీళ్ళలా. గెలిచేశాననుకున్నాను. తడి డబ్బాలో నాలుగో రోజు మళ్ళీ అదే చోట, అదే సైజు.

మూడోది కంచు మీద పొర కట్టి తుప్పును ఆపే బెంజోట్రయాజోల్, 3 శాతం, ఆల్కహాల్‌లో 24 గంటలు. గ్లవ్స్ వేసుకుని, కిటికీ తెరిచి. తొమ్మిది రోజులు ఆగింది. నాలుగోసారి అదే ద్రావణాన్ని వంటింట్లో వాడే వాక్యూమ్ జాడీలో పెట్టి చేతిపంపుతో గాలి లాగాను. గుంట లోంచి రెండు బుడగలు రావడం కళ్ళారా చూశాను. 23 రోజులు ఆగింది. నిన్నటితో అదీ అయిపోయింది. బరువు ఇప్పుడు 6.47. ఆ పోయిన 0.05లో దేవత రాజదండం అడుగు భాగం కూడా ఉంది.

30 గంటలు, 4 రోజులు, 9, 23. మందు పని చేస్తోంది, కానీ అడుగుదాకా చేరడం లేదు. ఎందుకు? ఒక అనుమానం, గుంట నిలువుగా కాక, పాటినా (నాణెం మీద కాలంతో కట్టిన పొర) కింద స్తంభం వైపు వంగి ఉంది. సూది మొన అక్కడ పక్కకు జారుతోంది. రెండోది ఇవాళ పొద్దున తట్టింది. గుంట మీద ఒక నీటిచుక్క వేస్తే తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడింది. పాత మైనం! అమ్మినతను దీనికి ఏమీ పూయలేదన్నాడు, నేనూ నమ్మి మైనం కరిగించే వైట్ స్పిరిట్ దశ వదిలేశాను. ఆరో వారం నీళ్ళు తేటగా రావడానికి అర్థం లోపల క్లోరైడ్ లేదని కాదు, బయటికి వచ్చే దారే లేదని.

నాణేలకు రక్షణగా పూసే రెనెసాన్స్ వాక్స్ అనే మైనం మంచిదే, నేనూ వాడతాను. కానీ జబ్బు తగ్గిందని తేలకముందే పూస్తే పుండు మీద పౌడర్ రాసినట్టే. పారలాయిడ్ అనే ప్లాస్టిక్ పూత మెరుపు నాకు నచ్చదు, నాణెం తడిసినట్టు కనిపిస్తుంది. నిమ్మరసం, వెనిగర్ సలహాలు మాత్రం దయచేసి ఇవ్వకండి.

రేపటి నుంచి మూడు రోజులు వైట్ స్పిరిట్, రోజూ కొత్తది. చుక్క పరచుకునేదాకా ఆపను. తర్వాత క్లోరైడ్‌ను అక్కడే కట్టిపడేసే సిల్వర్ ఆక్సైడ్‌ను ఆల్కహాల్‌తో ముద్ద చేసి, పుల్లతో గుంటలో కూరుతాను. గోధుమరంగు మచ్చ మిగులుతుంది, మిగలనీ. ఈ మాంచెస్టర్ వానల్లో నా గది తేమ 65 శాతానికి తగ్గదు కాబట్టి మిగతా నాణేలన్నిటినీ సిలికా జెల్ డబ్బాలోకి మార్చాను.



ఇక జ్యూగ్మా, ఇప్పటి టర్కీలో ఉన్న పాత రోమన్ ఊరు. అక్కడి నాణెం ఒకటి మీద నా కన్ను పడింది: మూడో శతాబ్దపు రోమన్ చక్రవర్తి ఫిలిప్ కాలపు పెద్ద కంచు నాణెం, దాదాపు 30 మి.మీ. చెట్లున్న కొండ, పైన నాలుగు స్తంభాల గుడి, కింద మకరం. ఆ మకరం అక్కడ కాపున్న నాలుగో సిథికా అనే రోమన్ సైనిక దళం గుర్తు. కొండ మీద గుడి అంటే మనకు ఎలాగూ చెయ్యి ఆగదు. పైగా ఆ ఊరు కూడా మన నాగార్జునకొండలాగే డ్యామ్ నీళ్ళలో కొంత మునిగిపోయింది. ఆదివారం ఒకటి వేలానికి వస్తోంది. ఫోటోలో మకరం తోక దగ్గర ఒక లేత పచ్చ చుక్క కనిపిస్తోంది. దాన్ని పెద్దది చేసి చూడటం ఇది పదోసారి.